డెవలప్‌మెంట్ థియరీ, కళాసీల నడుం నొప్పి: రెండింటికీ పుస్తకాలు కావాలి, ఏది ముందు చదవాలి?

కొండవెలగాడ బార్‌బెల్ (ప్రశ్న)

అడిగేది పుస్తకాల గురించే గానీ, సంగతేమిటో కాస్త చెప్పకపోతే మీరు సలహా ఇవ్వడం కష్టం. మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల పక్కన. మా ఊళ్ళో అన్నప్రాసన నాడు పిల్లల ముందు పుస్తకం, బంగారంతో పాటు బార్‌బెల్ కూడా పెడతారని బయటివాళ్ళు వేళాకోళమాడుతుంటారు. నేనూ యూనివర్సిటీ స్థాయి దాకా వెయిట్‌లిఫ్టింగ్ చేశాను. తర్వాత వ్యాయామ విద్యలో బీపీఈడీ చదివి, పీఈటీ పోస్టు కోసం చూసి చూసి, చివరికి జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ రూమ్ చూసుకునే పనిలో చేరాను. ఫ్యాక్టరీ పేరు అడగొద్దు.

ఈమధ్య హెచ్‌ఆర్ సారు పిలిచి, "అమెరికాలో గోడౌన్లలో, కార్ల ఫ్యాక్టరీల్లో అథ్లెటిక్ ట్రైనర్లని పెట్టి కార్మికుల్ని ఆటగాళ్ళలా చూసుకుంటున్నారట. నువ్వూ లిఫ్టర్‌వే కదమ్మా, మన లోడింగ్ వాళ్ళకి ఒక ప్రోగ్రామ్ తయారుచెయ్" అన్నారు. ఒక వీడియో లింకు పంపారు, అంతే. అందులో ఉన్నవాళ్ళందరికీ మంచి బూట్లున్నాయి, షెడ్డులో ఫ్యాన్లున్నాయి, పెట్టెలకి పట్టుకోడానికి చేతి కన్నాలున్నాయి. మావాళ్ళవి 50 కిలోల గోనె బస్తాలు.

షిఫ్టు మొదట్లో పది నిమిషాలు ఒళ్ళు సాగదీసే కసరత్తులు మొదలుపెట్టించాను. బస్తాలు మోసే కళాసీల మేస్త్రి ఆర్పిన బీడీ చెవి మీద పెట్టుకుని అన్నాడు: "ఏటమ్మా, లారీలు దించినోడికి మళ్ళీ కసరత్తేటి? మాకు నడుం పొద్దున్న నొప్పెట్టదు, సాయంత్రం నొప్పెడతాది." పాయింటే.

ఇక రెండో సంగతి. దూరవిద్యలో ఎం.ఏ. రూరల్ డెవలప్‌మెంట్ కట్టాను. అందులో అభివృద్ధి సిద్ధాంతాలున్నాయి. అమెరికా ఆర్థికవేత్త రోస్టో గారి ఐదు దశలు బట్టీ పట్టాను: సంప్రదాయ సమాజం, టేకాఫ్‌కి సన్నాహం, టేకాఫ్, పరిపక్వత వైపు నడక, చివరికి అందరూ బాగా కొనుక్కుని వాడుకునే దశ. ఆయన 1960లో వేసిన ఈ మెట్లలో మేము ఏ మెట్టు మీదున్నామో నాకు అంతుపట్టడం లేదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే జూట్ మిల్లులు వచ్చిన ప్రాంతం మాది. ఆ లెక్కన ఎప్పుడో టేకాఫ్ అయిపోయి ఉండాలి. మరి మా కుర్రాళ్ళు ఇంకా హైదరాబాద్, చెన్నై బస్సులు ఎందుకు ఎక్కుతున్నట్టు?

అసలు ప్రశ్నలు ఇవి. అథ్లెటిక్ ట్రైనింగ్ మీద ఫ్యాక్టరీ పనికి పనికొచ్చే పాఠ్యపుస్తకం ఏదైనా ఉందా? డెవలప్‌మెంట్ థియరీకి లెక్కలు తక్కువగా, ఇంగ్లీషు మరీ కొరుకుడుపడనంతగా లేని పుస్తకం ఏది? కొత్తవి వేలల్లో ఉన్నాయి, నా జీతంలో రెండూ కొనలేను. పాత కాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే కొనుక్కుంటాను.

పీడీఎఫ్ బాబు

మేడమ్, టెలిగ్రామ్‌లో అన్నీ ఫ్రీ. లింకు పెట్టమంటారా?

కొండవెలగాడ బార్‌బెల్

వద్దు తమ్ముడూ. ఫోన్ తెర మీద గ్రాఫులు చదివి ఇప్పటికే కళ్ళజోడు వచ్చింది.

ఎచ్చెర్ల ఎకనామిక్స్

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. కాలేజీలో ఈ పేపరే చెప్తుంటాను.

మీది దూరవిద్య కాబట్టి ముందు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఇగ్నో పాఠాలు చూడండి. డబ్బు కట్టక్కర్లేదు, దొంగ కాపీ కూడా కాదు. పరీక్షకి అవి చాలు. పుస్తకమే కావాలంటే టొడారో, స్మిత్ రాసిన 'ఎకనమిక్ డెవలప్‌మెంట్' పాత ఎడిషన్ ఏదైనా తీసుకోండి. క్లాసిక్ సిద్ధాంతాల అధ్యాయం ఎడిషన్ మారినా పెద్దగా మారదు. దేబ్‌రాజ్ రే పుస్తకం చాలా గొప్పది గానీ లెక్కలంటే భయం లేనివాళ్ళకే. ఎస్కోబార్‌ని ఇప్పుడే ముట్టుకోకండి. "అభివృద్ధి" అన్న ఆలోచననే ఆయన 1995లో నిలదీశాడు. నిలదీయాలంటే ముందు అదేమిటో తెలియాలి కదా.

రోస్టో దగ్గర ఎక్కువసేపు ఆగకండి. ప్రతి దేశమూ అమెరికా నడిచిన దారినే నడుస్తుందన్నది ఆయన ధీమా. ఆ ధీమా మీద వచ్చిన కోపమే డిపెండెన్సీ సిద్ధాంతం. దానికి పునాది రోస్టోకన్నా ముందే పడింది. లాటిన్ అమెరికాలో ప్రెబిష్ అనే ఆర్థికవేత్త 1950 ప్రాంతంలోనే చెప్పాడు: ముడిసరుకు అమ్మే దేశానికి కాలం గడిచేకొద్దీ బేరం కలిసిరాదు, తయారైన సరుకు అమ్మేవాడే బాగుపడతాడు అని. గుండర్ ఫ్రాంక్ 1966లో ఇంకా గట్టిగా అన్నాడు. వెనకబాటుతనం పుట్టుకతో వచ్చింది కాదు, అటువాళ్ళ అభివృద్ధే ఇటువాళ్ళని వెనక్కి నెట్టింది అని.

అయితే మీ ఫ్యాక్టరీ సంగతి విన్నాక మీరు ముందుగా చదవాల్సింది ఆర్థర్ లూయిస్ అనిపిస్తోంది. సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టినాయన. 1954లో రాసిన వ్యాసం అది, 1979లో నోబెల్ వచ్చింది. లెక్కలు దాదాపు లేవు, మామూలు వచనమే. సారాంశం చెప్తాను. పల్లెలో పొలం మీద అవసరానికి మించి మనుషులుంటారు. పట్నంలో ఫ్యాక్టరీ పెట్టినవాడు పల్లెలో దొరికే తిండిగింజల విలువకన్నా కాస్త ఎక్కువ కూలి ఇస్తే చాలు, ఎంతమంది కావాలంటే అంతమంది వస్తారు. పల్లెలో మిగులు జనం ఉన్నంతకాలం ఆ కూలి పెరగదు. లాభం మళ్ళీ పెట్టుబడి అవుతుంది, ఫ్యాక్టరీ పెద్దదవుతుంది. మిగులు జనం అయిపోయిన రోజున కూలి పెరగడం మొదలవుతుంది.

ఇది చదివాక మీ లోడింగ్ షెడ్డు వైపు ఒకసారి చూడండి. గేటు బయట ఇంకో మనిషి ఎప్పుడూ ఉంటాడనుకునే యజమానికి, లోపలున్న మనిషి నడుం ఖరీదెంత?

రిటైర్డ్ సేఫ్టీ (శ్రీకాకుళం)

మాష్టారు సిద్ధాంతం చెప్పారు, నేను బస్తా సంగతి చెప్తాను. రకరకాల ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి దిగాను.

అమ్మాయ్, అథ్లెటిక్ ట్రైనింగ్ పుస్తకం అంటే అందరూ చెప్పేది ప్రెంటిస్ రాసిన లావుపాటి పుస్తకం. మంచిదే. బెణుకు, కండరం పట్టు, టేపు కట్టడం, ఎండదెబ్బకి ఏం చెయ్యాలి, అన్నీ ఉంటాయి. కానీ అది ఆటస్థలం కోసం రాసింది. అమెరికాలో ఈ అథ్లెటిక్ ట్రైనర్లు లైసెన్సున్న వైద్య సిబ్బంది. వాళ్ళ సంఘం 1950లో పుట్టింది, 1990లో అక్కడి వైద్యుల సంఘం దాన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. మీ హెచ్‌ఆర్ వీడియోలో చూసింది వాళ్ళనే. వాళ్ళ వెనక ఒక డాక్టరుంటాడు. నీ వెనక ఎవరున్నారు? బీపీఈడీతో వాళ్ళ పనంతా నెత్తిన వేసుకోకు. వేళ్ళు తిమ్మిరెక్కినా, నొప్పి కాలులోకి జారినా వెంటనే డాక్టరు దగ్గరికి పంపెయ్.

నువ్వు చదవాల్సింది ఎర్గనామిక్స్, అంటే పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రం. దానికి రెండు పుస్తకాలు చెప్తాను, రెండూ ఉచితమే. మొదటిది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ వాళ్ళ 'ఎర్గనామిక్ చెక్‌పాయింట్స్'. 2010 ఎడిషన్‌లో 132 అంశాలున్నాయి, ఒక్కోదానికీ బొమ్మ ఉంటుంది. ఇంగ్లీషు రాని మేస్త్రికి కూడా బొమ్మ చూపించి చెప్పొచ్చు. రెండోది అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వేసిన బరువులెత్తే సూత్రం మాన్యువల్.

ఆ సూత్రంలో మొదటి అంకె 23 కిలోలు. అన్నీ కలిసొస్తే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, చేతులు నేలకి 75 సెంటీమీటర్ల ఎత్తులో, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే, అంత బరువు ఫర్వాలేదు. ఒక్కో ఇబ్బందికీ కోత పడుతుంది. చేతులు చీలమండల మధ్య నుంచి 50 సెంటీమీటర్లు ముందుకి వెళ్తే సగం పోయి 11.5 మిగులుతుంది. నేల మట్టం నుంచి ఎత్తితే అందులో మళ్ళీ దాదాపు పావు వంతు పోయి 9 కిలోల దగ్గరికి వస్తుంది. నిమిషానికి ఎన్ని బస్తాలు, ఎంత పైకి, ఎంత పక్కకి తిరిగి అన్నవి నేనింకా లెక్కే వెయ్యలేదు. నీ బస్తా 50. ఐదు రెట్లు దాటింది.

ఒక జాగ్రత్త. మనవాళ్ళు ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీదో నెత్తి మీదో పెడతారు. ఆ మోతకి ఈ సూత్రం వర్తించదు, ఇద్దరు కలిసి ఎత్తేదానికీ వర్తించదు. ఒక్కడే ఎత్తే చోట వాడు.

మీ మేస్త్రి మాట నిజమే. పని ముందు ఒళ్ళు సాగదీస్తే గాయాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. "వంగకు, మోకాళ్ళు మడిచి ఎత్తు" అని శిక్షణ ఇవ్వడం ఒక్కటే నడుం నొప్పిని ఆపినట్టు కూడా పరిశోధనల్లో తేలలేదు. నడుం బెల్టులు కొనిపించమని నీ మీద ఒత్తిడి వస్తుంది చూడు. అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థ స్టోర్లలో 9 వేల మందికి పైగా మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. బెల్టు కట్టినవాళ్ళకీ కట్టనివాళ్ళకీ తేడా కనపడలేదు. ఆ డబ్బుతో పాలెట్లు, అంటే బస్తాల కింద వేసే చెక్క బల్లలు, కొనమను. కింద వరస బస్తా నేల మీద ఉండకూడదు, తొడ ఎత్తుకి రావాలి. హ్యాండ్ ట్రాలీ, లారీకి వేసే పలక, దొరికితే కన్వేయరు. మనిషిని పనికి తగ్గట్టు మార్చడం కాదు, పనిని మనిషికి తగ్గట్టు మార్చాలి.

కాగితం మీద పెట్టి అడుగు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చినా, 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్ చూపించు. గాయమయ్యేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని ఆనాడే రాసి పెట్టారు. మనం చదవలేదంతే.

కొండవెలగాడ బార్‌బెల్

గురువుగారూ, ఇలాంటి జవాబు వస్తుందనుకోలేదు. మీ లెక్క రాత్రి కాగితం మీద వేసి చూశాను, అలాగే వచ్చింది.

ఒక లిఫ్టర్‌గా నాకు తెలిసింది కలుపుతాను. సిడ్నీలో 2000లో మల్లీశ్వరి గారు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. ఆ బరువు విని అందరూ 50 కిలోల బస్తా ఎంతలే అనుకుంటారు. కానీ బార్ నేల మీద లేదు, పెద్ద ప్లేట్ల మీద నేలకి 22 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కాళ్ళని రాసుకుంటూ పైకి వస్తుంది. చేతికి గట్టి పట్టు ఉంటుంది. లిఫ్టుకీ లిఫ్టుకీ మధ్య విశ్రాంతి ఉంటుంది, పోటీ అయ్యాక కొన్ని వారాలు బరువు తగ్గించి ఒళ్ళు కోలుకోనిస్తారు. బస్తాకి ఇవేవీ లేవు. రెండు చెవులు పట్టి లేపితే సరుకంతా కిందికి జారి మధ్యలో పొట్టలా ముందుకొస్తుంది, మీరన్న ఆ 50 సెంటీమీటర్లు అక్కడే వచ్చేస్తాయి. మా కోచ్ అయితే అలాంటి బరువు పిల్లలచేత ఒక్కసారి కూడా ఎత్తనివ్వడు. ఇక ఆఫ్ సీజన్ అంటారా, మా షెడ్డుకి ఆఫ్ సీజన్ అంటే సిరిమాను పండగ రోజే.

ఎచ్చెర్ల మాష్టారి మాట దగ్గర ఆగిపోయాను. మా దగ్గర పర్మనెంటు వాళ్ళకి నడుం పట్టేస్తే ఈఎస్‌ఐ కాగితాలు, సెలవు, నా రిజిస్టర్‌లో ఎంట్రీ, మళ్ళీ చూపించుకోడానికి వస్తే ఇంకో ఎంట్రీ ఉంటాయి. కాంట్రాక్టు కళాసీ అయితే ఒకసారి వచ్చి బామ్ రాయించుకుంటాడు. ఆ పేరు మళ్ళీ రిజిస్టర్‌లో ఉండదు. తగ్గిపోయిందని కాదు, మనిషే మారిపోయాడు. నెలాఖరుకి రిపోర్టు చూస్తే లోడింగ్ సెక్షన్‌లో గాయాలు తక్కువ. హెచ్‌ఆర్ సారు నా ప్రోగ్రామ్ వల్లే అనుకుని సంతోషించారు కూడా! ట్రైనింగ్ పుస్తకం ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు, లూయిస్‌లో దొరుకుతుందేమో.

కానీ మాష్టారూ, ఒక అనుమానం. మా ఊళ్ళో ఊడుపులప్పుడు కూలీలు దొరకడం లేదని రైతులు మొత్తుకుంటున్నారు. మిగులు జనం ఎక్కడున్నారు? అయినా లోడింగ్ కూలి పెద్దగా పెరగలేదేం?

ఎచ్చెర్ల ఎకనామిక్స్

సరైన చోట పట్టుకున్నారు. లూయిస్ ఆ వ్యాసం చివర్లోనే దీనికి జవాబు రాశాడు, చాలామంది అక్కడిదాకా చదవరు. దేశంలో మిగులు శ్రమ అయిపోయి కూలి పెరగబోతుంటే పెట్టుబడిదారుడికి రెండు దారులుంటాయి. బయటినుంచి మనుషుల్ని రప్పించుకోవడం, లేదా పెట్టుబడినే మనుషులు చవగ్గా ఉన్నచోటికి పంపడం. ఆయన మాట్లాడింది దేశాల గురించి. మీ షెడ్డులో ఇప్పుడు ఏ భాషలు వినిపిస్తున్నాయి?

మనవాళ్ళు ఎందుకు వెళ్తున్నారన్నదానికి హ్యారిస్, టొడారో 1970లో రాసిన నమూనా చదవండి. పట్నంలో పని దొరుకుతుందో లేదో తెలియకపోయినా, దొరికితే వచ్చే కూలిని, దొరికే అవకాశాన్ని లెక్కేసుకుని బస్సెక్కుతారంటాడు. చిన్న ఆలోచనే, పరీక్షలో తప్పకుండా వస్తుంది.

మీ రిజిస్టర్ సంగతి చదివితే రాబర్ట్ ఛాంబర్స్ గుర్తొచ్చాడు. మీ కోర్సుకి ఆయన 1983 పుస్తకం తప్పనిసరిగా చదవాలి. పల్లెల్ని చూడ్డానికి వెళ్ళే పెద్దలు తారు రోడ్డు పక్క ఊళ్ళే చూస్తారు, వానల్లేని కాలంలోనే వెళ్తారు, ఎదురొచ్చి మాట్లాడే మగవాళ్ళతోనే మాట్లాడతారు అంటాడు. మెళియాపుట్టి కొండ మీద ఊళ్ళకి ఆగస్టులో ఎంతమంది ఆఫీసర్లు ఎక్కుతారో మనకు తెలుసు. ఫ్యాక్టరీ ఆడిట్ కూడా అంతే.

కొండవెలగాడ బార్‌బెల్

ఒడియా, హిందీ. ఒక కుర్రాడు భోజ్‌పురి పాటలు పెడతాడు. సమాధానం దొరికింది.

పలాస జీడి

ఏటండీ, అందరూ బస్తాలెత్తే మగాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా పలాస, కాశీబుగ్గ వైపు రండి. జీడి బట్టీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళు ఏదీ ఎత్తరు, పొద్దస్తమానం కూర్చుంటారు. పీట మీద మోకాళ్ళు మడిచి, మెడ వంచి, ఒక్కో జీడి పిక్కా కోసి పప్పు విరగకుండా తియ్యాలి. గుండు పప్పుకి ఒక ధర, బద్దకి ఇంకో ధర. డబ్ల్యూ 320 అంటే పౌండుకి 320 గింజలకి మించకుండా తూగే పప్పు. పని కిలోల లెక్కన కాబట్టి ఎవరూ లేచి నడుం చాపరు. తొక్కలోని జీడి నూనె తగిలితే చర్మం కాలుతుంది, వేళ్ళు నల్లబడి పొర ఊడుతుంది. మా అత్త ముంజేతి మీద మచ్చలు అలాగే ఉండిపోయాయి. వీళ్ళకి బరువు సూత్రం ఏం పనికొస్తుంది?

ఇంకో మాట. మాష్టారు ప్రెబిష్ గురించి చెప్పారు కదా. ఇక్కడి తోటల పిక్క మా బట్టీలకి చాలదు. ఐవరీ కోస్ట్, బెనిన్, గినీ బిస్సావు నుంచి ఓడల్లో వస్తుంది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ జీడి పండించేది ఐవరీ కోస్ట్, అందులో ఎక్కువ భాగాన్ని పిక్కగానే అమ్మేస్తుంది. అంటే ఆ లెక్కలో ముడిసరుకు అమ్మి నష్టపోయేది వాళ్ళు, తయారుచేసి బాగుపడేది పలాస. మా అత్త బాగుపడిందా మరి?

బార్‌బెల్ అక్కా, ఒక ముఖ్యమైన విషయం. మీ కళాసీలు నడుం నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నారో అడగండి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇంతవరకు తేలలేదు. సెంట్రల్ అమెరికాలో చెరకు నరికేవాళ్ళకి కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీ మీద అనుమానం ఉంది. కారణం ఏదైనా గానీ, చెమటోడ్చి నీళ్ళు తగ్గిన ఒంట్లో డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ పడితే కిడ్నీకి చేటు. అది మాత్రం అనుమానం కాదు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు.

రిటైర్డ్ సేఫ్టీ (శ్రీకాకుళం)

అమ్మా, బాగా చెప్పావు. కూర్చుని చేసే పనికి రూలా అనే పద్ధతి ఉంది, 1993లో వచ్చింది. మెడ, భుజం, మణికట్టు ఎంత వంగాయో చూసి మార్కులు వేస్తారు. ఫోన్‌తో పక్కనుంచి ఫొటో తీసి కోణాలు గీసినా సరిపోతుంది. నీ జీడి బట్టీలో పీట తీసి, ఎత్తు బల్ల, వీపు ఆనే కుర్చీ వేస్తే మార్కు ఎంత మారుతుందో చూడు.

ఎండ గురించి ఒక్కటి. కొత్తగా చేరినవాడికి మొదటిరోజు పూర్తి పని చెప్పకూడదు. వేడిలో మామూలు పనిలో 20 శాతంతో మొదలుపెట్టి, రోజుకి 20 శాతం చొప్పున పెంచమని నియోష్ సలహా. ప్రతి 15, 20 నిమిషాలకీ ఒక గ్లాసు నీళ్ళు. రోజుకో కొత్త మనిషిని తెచ్చే కాంట్రాక్టరు దగ్గర ఇది ఎలా కుదురుతుందని నన్నడక్కండి, మాష్టారిని అడగండి.

కొండవెలగాడ బార్‌బెల్

పలాస చెల్లీ, అడిగాను. నువ్వన్నట్టే ఉంది. దాదాపు అందరి జేబుల్లోనూ అదే స్ట్రిప్పు. "అది యేసుకుంటేనే మూడో లారీ లేస్తాదమ్మా" అన్నాడొకడు. డాక్టరుగారిని పిలిపించి ఒకరోజు మాట్లాడించడానికి ఒప్పించాను. నీళ్ళ డ్రమ్ము ఆఫీసు వరండాలోంచి లోడింగ్ షెడ్డులోకి మారింది, అది సులువుగానే అయింది. సాగదీసే కసరత్తులు పది నిమిషాల నుంచి మూడుకి తగ్గించాను. హెచ్‌ఆర్ సారు ఫొటోలు తీసుకోవాలి కదా, పూర్తిగా తీసేస్తే ఊరుకోరు. పాలెట్ల కోసం 34వ సెక్షన్ రాసి పెట్టిన కాగితం స్టోర్స్ నుంచి పర్చేజ్‌కి, పర్చేజ్ నుంచి స్టోర్స్‌కి తిరుగుతోంది.

మీ అత్త ప్రశ్ననే నా అసైన్‌మెంట్‌లో పెడుతున్నాను, పేరు లేకుండా. డిపెండెన్సీ సిద్ధాంతం దేశాల మధ్యే గీత గీస్తుంది, పీట మీద కూర్చున్నావిడ ఆ గీతకి ఏ వైపునో చెప్పదు అని రాస్తున్నా. మార్కులు ఎన్ని వేస్తారో చూడాలి.

ప్రెంటిస్ పుస్తకం ఇప్పుడు కొనను. చెక్‌పాయింట్స్ దించుకుని బొమ్మలున్న పేజీలు ప్రింటు తీయించాను. పాత టొడారో మాత్రం ఇంకా కావాలి.

ఎచ్చెర్ల ఎకనామిక్స్

నా దగ్గర ఒకటుంది. అట్ట ఊడిపోయింది, మధ్యలో ఎవరో స్టూడెంటు పసుపు స్కెచ్ పెన్నుతో పుస్తకమంతా ముఖ్యమేనని తేల్చేశాడు. డబ్బులొద్దు. లూయిస్ వ్యాసం జిరాక్స్ కూడా లోపల పెడతాను. శనివారం విజయనగరం వస్తున్నాను, గంటస్తంభం దగ్గర తీసుకోండి. ఆ అసైన్‌మెంట్ రాశాక నాకూ ఒక కాపీ పంపండి.